ఆరుద్ర పురుగులు వచ్చాయి, పత్తి గింజలు పెట్టొచ్చా?

ప్రశ్న: మృగశిర కార్తెలోనే ఒక వాన పడింది. తెల్లారేసరికి చేనంతా ఎర్రటి ఆరుద్ర పురుగులు! ఇవి ముందే వచ్చాయంటే ఈసారి వానలకు ఢోకా లేదని మా నాన్న అంటున్నాడు. పక్క చేన్లలో పత్తి గింజలు పెట్టేశారు. మాది మూడెకరాల నల్లరేగడి. పెట్టమంటారా?
– ఒక రైతు, ఆదిలాబాద్ జిల్లా

జవాబు: ఇప్పుడే పెట్టకండి. మీ నాన్నగారు చూసింది నిజమే. అయితే ఆ పురుగు పడిన వానకే సాక్షి. రేపటి వాన దానికీ తెలియదు.

ఏడాదిలో ఎక్కువ రోజులు అది మట్టిలోనే ఉంటుంది. తొలకరికి పైపొర తడిసి మెత్తబడగానే తిండికీ జతకూ బయటికొస్తుంది. పైపొర తడవడానికి ఒక్క వాన చాలు. పత్తి మొలక నిలవడానికి చాలదు. గింజ మొలిచాక పది రోజులు బెట్ట వచ్చిందంటే, వేరు లోతుకు దిగకముందే మొలక మాడిపోతుంది. మళ్లీ ప్యాకెట్లు కొనాలి, మళ్లీ కూలీలను పిలవాలి. ఆ బాధ పడిన రైతులను చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

రేగడిలో గింజ పెట్టాలంటే మొత్తం 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడాలి. తేలిక నేలలకైతే 50-60 సరిపోతుంది. కొలవడం కష్టమేమీ కాదు. అడుగు నుంచి అంచు దాకా ఒకే వెడల్పున్న డబ్బాను చెట్లకు దూరంగా చేనులో పెట్టండి. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు స్కేలుతో లోతు చూసి, రాసుకుని, పారబోయండి. సెంటీమీటరు నీళ్లుంటే 10 మిల్లీమీటర్లు పడినట్టు. తర్వాత పారతో జానెడు తవ్వి అడుగు మట్టిని పిడికిట పట్టండి. ముద్ద కడితే పదును దిగింది. పొడిగా రాలితే ఇంకో వాన చూడాలి. మంగళ, శుక్రవారాల్లో మేఘదూత్ యాప్‌లో మీ జిల్లా వాతావరణ సలహా వస్తుంది, అదీ చూసుకోండి.

పత్తికి జులై 20 దాకా గడువుంది. పక్కవాళ్లు పెట్టారని కంగారు పడొద్దు. ఆ తేదీ దాటితే కంది వేసుకోవచ్చు.

ఆ ఎర్ర పురుగులను మాత్రం కాపాడండి. వాటి పిల్లలు మిడతలను పట్టి పీలుస్తాయి, పెద్దవి చెదలను, పురుగుల గుడ్లను తింటాయి. నూనె కోసమని ఏరుకోవడానికి ఎవరైనా వస్తే వద్దనండి. నేల చదునుకు గుంటక తోలాలనుకుంటే పొద్దెక్కనివ్వండి, ఎండకు అవే మట్టిలోకి దిగిపోతాయి.