రెండో బిడ్డ వస్తోంది, చైల్డ్ ప్లాన్ ఇప్పుడే కట్టేయాలా?

ప్రశ్న: మాది విజయనగరం అండి. నేను పైడిభీమవరంలో ఫార్మా కంపెనీలో చేస్తాను, చేతికి 38 వేలు వస్తాయి. మా ఆవిడ ఇక్కడే ప్రైవేట్ స్కూల్లో టీచరు, 14 వేలు. పాపకి నాలుగేళ్ళు, ఎల్‌కేజీ. ఇప్పుడు మా ఆవిడకి మళ్ళీ ఐదో నెల. మొదటిది ఆపరేషనే, ఇదీ ఆపరేషనే అవ్వొచ్చని డాక్టరమ్మ అన్నారు, 70 వేల దాకా అవుద్దట. బ్యాంకులో 60 వేలున్నాయి, రెండు లక్షల చీటీ 20 నెలలది, 12 నెలలు కట్టాం, ఇంకా ఎత్తలేదు. ఆరు తులాల బంగారం ఉంది. చుట్టాల్లో ఒకాయన ఏజెంటు, పుట్టబోయే బిడ్డ కోసం నెలకి 5 వేలు చొప్పున 20 ఏళ్ళు చైల్డ్ ప్లాన్ కట్టు, టాక్స్ కూడా తగ్గుద్ది అంటున్నారు. మా ఆవిడ ఏడో నెలలో ఉద్యోగం మానేస్తానంటుంది. చీటీ ఇప్పుడే ఎత్తేసి, బంగారం కొంచెం అమ్మి డబ్బు రెడీగా పెట్టుకోమంటారా? పాలసీ కట్టమంటారా? పురుడు మా ఇంట్లోనే, మా అమ్మకేమో మోకాళ్ళ నొప్పులు. నెల ఖర్చుల చిట్టా విడిగా పంపుతున్నాను. ప్రభుత్వం నుంచి డబ్బులేమైనా వస్తాయా?

జవాబు: ముందు మీ ఇద్దరికీ శుభాకాంక్షలు. మీరు ఆస్పత్రి ఖర్చు గురించి చాలా రాశారు గాని బిడ్డ ఇంటికొచ్చాక నెలల గురించి ఒక్క ముక్క రాయలేదు, నా కంగారంతా అక్కడే ఉంది. ఆస్పత్రి బిల్లు ఒక్కసారి వస్తుంది, కట్టేస్తాం, అయిపోద్ది. ఆ తర్వాత ఏడాది పాటు ఒక జీతం లేకుండా, పెరిగిన ఖర్చుతో ఇల్లు నడపాలి చూడండి, క్రెడిట్ కార్డులూ చేబదుళ్ళూ మొదలయ్యేది అప్పుడే.

మీరు పంపిన నెల ఖర్చులన్నీ కూడి చూశాను. అద్దె 7,500, సరుకులు కూరలు 8,000, పాలు 2,400, పాప ఫీజు ఆటో కలిపి 3,500, బండి ఈఎంఐ 3,200, పెట్రోలు 3,500, కరెంటు గ్యాసు ఫోన్లు 2,500, ఊర్లో అమ్మానాన్నలకి 4,000, చీటీ 10,000. మొత్తం 44,600. ఇద్దరి జీతాలు 52 వేలు కాబట్టి నెలకి 7,400 మిగులుతోంది, అంటే ఇప్పటికి మీరు బాగానే నడుపుతున్నారు. ఇందులో పసిబిడ్డ ఖర్చు, డైపర్లు మందులు డాక్టరు ఫీజులు అన్నీ కలిపి ఒక 5 వేలు వేసుకుంటే 49,600 అవుద్ది. మీ ఆవిడ మానేస్తారన్నారు కదా, అప్పుడు వచ్చేది 38 వేలే, నెలకి 11,600 లోటు. ఆపైన చైల్డ్ ప్లాన్ 5 వేలు కూడా తగిలిస్తే లోటు 16,600. ఈ లెక్క మీ ఏజెంటు బంధువు మీకు చూపించి ఉండరు, ఆయన తప్పని కాదు, మీ ఇంటి లెక్క ఆయన దగ్గర ఉండదు కదా.

అందుకే పాలసీ కన్నా ముందు మీ ఆవిడ జీతం సంగతి చూద్దాం. ఈ రోజు ఇంటికెళ్ళగానే మేడమ్‌గారి జీతం స్లిప్పు ఒకటి అడిగి చూడండి. అందులో ఈఎస్ఐ (ఉద్యోగులకి ప్రభుత్వం నడిపే బీమా) అని ఒక గడి ఉంటుంది, 14 వేల జీతం మీద ఉద్యోగి వాటా 0.75 శాతం, అంటే 105 రూపాయలు. ఆ 105 కట్ అవుతోందా లేదా అన్నది మీ ఇంటికి ఈ ఏడాది అన్నిటికన్నా పెద్ద విషయం. ఎందుకంటే నెలకి 21 వేల లోపు జీతం ఉండి ఈఎస్ఐలో ఉన్నవాళ్ళకి ప్రసూతి సమయంలో 26 వారాలు జీతానికి సమానంగా డబ్బు ఈఎస్ఐ వాళ్ళే ఇస్తారు, స్కూలు వాళ్ళు ఇవ్వక్కర్లేదు. రెండో కాన్పుకి కూడా పూర్తి 26 వారాలు వస్తుంది, ఇద్దరు పిల్లలు దాటాకే 12 వారాలకి తగ్గుతుంది. కాన్పుకి ముందు వాళ్ళు చూసే కాలంలో కనీసం 70 రోజుల చందా పడి ఉండాలి, ఆవిడ ఎప్పటినుంచో చేస్తున్నారు కాబట్టి ఆ ఇబ్బంది ఉండకపోవచ్చు. ఆరు నెలలకి 14 వేల చొప్పున 84 వేలండి! రెండు లక్షల చీటీ కోసం కిందా మీదా పడుతున్నాం గాని, స్లిప్పులో 105 రూపాయల గడిని ఎవరూ చూడరు.

కాబట్టి ఏడో నెలలో రాజీనామా ఇవ్వొద్దు. సెలవు పెట్టమనండి. 26 వారాల్లో కాన్పుకి ముందు ఎనిమిది వారాల దాకా వాడుకోవచ్చు, ఏడో నెల చివర్లో మొదలుపెట్టినా సరిపోద్ది, మిగతా నాలుగు నెలలు బిడ్డతో ఉంటారు. ఆ తర్వాత వెళ్ళాలా మానేయాలా అన్నది అప్పుడు తీరిగ్గా ఆలోచించుకోవచ్చు, ఇప్పుడే కాగితం రాసిచ్చేసి తలుపు మూసుకోవడం ఎందుకు. స్కూల్లో నెలలు నిండినవాళ్ళని మానేసి మళ్ళీ జూన్‌లో చేరమ్మా అనడం మామూలైపోయింది, మనవాళ్ళు కూడా మొహమాటానికి సరే అనేస్తారు, అలా అనకండి. ఒకవేళ స్లిప్పులో ఈఎస్ఐ లేకపోతే, పదిమంది అంతకన్నా ఎక్కువ పనిచేసే సంస్థల్లో ఏడాదిలో 80 రోజులు పనిచేసిన ఆడవాళ్ళకి జీతంతో 26 వారాల సెలవు హక్కు ఉందని, యాజమాన్యానికి లెటరు రాసి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకుని అడగండి. నోటితో అడిగితే నోటితోనే కాదంటారు.

ఇంక ఆస్పత్రి. మీకు కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్స్ ఉండే ఉంటుంది, కార్డు ఎక్కడో బీరువాలో ఉంటుంది. హెచ్ఆర్‌ని మూడు విషయాలు మెయిల్‌లో అడగండి, ఫోన్లో వద్దు. ఆపరేషన్‌కి ప్రసూతి లిమిట్ ఎంత, బిడ్డకి మొదటి రోజు నుంచి కవర్ ఉందా, విజయనగరంలో క్యాష్‌లెస్ ఏ ఆస్పత్రుల్లో ఉంది. మధ్యలోది చాలా ముఖ్యం. కాన్పు బిల్లు ఎంతో ముందే తెలుసు, కాని బిడ్డ బరువు తక్కువ పుట్టో, కామెర్లొచ్చో నాలుగు రోజులు ఐసీయూలో పెట్టాల్సొస్తే ఆ బిల్లుకి అంతుండదు. కొన్ని పాలసీల్లో బిడ్డ పేరు ఇన్ని రోజుల్లోపు చేర్చాలి అని గడువు ఉంటుంది, అదీ కనుక్కోండి. ఇప్పుడు కొత్తగా బయట ప్రసూతి పాలసీ కొందామని మాత్రం తిరగకండి, వాటికి నెలల నుంచి ఏళ్ళ దాకా వెయిటింగ్ ఉంటుంది, కడుపుతో ఉన్నాక కొంటే ఈ కాన్పుకి పనికిరాదు.

ఇంకోటి కూడా మనసులో పెట్టుకోండి, మీ ఊరి ప్రభుత్వ ఘోషాసుపత్రిలో ఆపరేషన్ అయినా సరే కాన్పుకి డబ్బు కట్టక్కర్లేదు, మందులూ టెస్టులూ తిండీ ఫ్రీ, ఇంటికి 102 బండి దింపుతుంది. వెళ్ళాలా వద్దా అన్నది మీ ఆవిడా డాక్టరూ తేల్చుకోవాల్సిన మాట, నేను చెప్పేది కాదు. కాని డబ్బు లేక గత్యంతరం లేదు అని రాత్రిళ్ళు భయపడక్కర్లేదని చెప్తున్నాను.

చీటీ ఇప్పుడే ఎత్తొద్దు అన్నది నా మాట. ఇంకా ఎనిమిది నెలలుంది, ఇప్పుడు పాట పాడితే ఎక్కువ వదులుకోవాలి, ఆ డబ్బు నాలుగు నెలలు బ్యాంకులో ఊరికే కూర్చుంటుంది, కూర్చోనివ్వరు కూడా, ఎవరో ఒకరు అడుగుతారు. కాన్పు దగ్గరపడే 16వ నెలకో 17వ నెలకో పాడండి, ఆ టైముకి పోటీ తగ్గి పాట పెద్దగా పోదు. అయితే ఇది రిజిస్టరైన కంపెనీ చీటీయా, లేక వీధిలో తెలిసినావిడ దగ్గరదా అన్నది మీరు రాయలేదు. 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం ఇంత పెద్ద చీటీ రిజిస్టర్ చేయాలి, చేయనిదాంట్లో రేపు ఏదైనా తేడా వస్తే మీ చేతిలో చిన్న నోట్‌బుక్కు తప్ప ఏమీ ఉండదు. తెలిసినావిడ దగ్గరదైతే ఒకటి రెండు వేలు పోయినా పర్లేదు, కొంచెం ముందే ఎత్తేసి బయటపడండి.

అప్పటికి మీ దగ్గర ఉన్న 60 వేలకి నెలకి 7,400 చొప్పున నాలుగు నెలలది కలిపితే 90 వేలు దగ్గరగా అవుద్ది, బిల్లుకి అది చాలు, ఇన్సూరెన్స్ ఎంతొస్తే అంత వెనక్కొస్తుంది. కాబట్టి చీటీ డబ్బు ఆస్పత్రిది కాదు, ఏడాదిది. దాన్ని రెండు మూడు చిన్న ఎఫ్‌డీలుగా వేసేయండి, అవసరమైనప్పుడు ఒకటి మాత్రమే తీయొచ్చు. బిడ్డ పుట్టాక మూడు నాలుగు నెలలకి చీటీ అయిపోద్ది, అప్పుడు మీ ఖర్చు 39,600కి దిగుతుంది, మేడమ్ సెలవు డబ్బు ఆగిపోయినా నెలకి 1,600 మాత్రమే తగ్గుతుంది. అదీ తేడా, 11,600 లోటు ఎక్కడ 1,600 ఎక్కడ.

బంగారం అమ్మకండి. అమ్మితే మజూరీ తరుగు అన్నీ పోయి చేతికి తక్కువే వస్తుంది, మళ్ళీ కొనేటప్పుడు అవన్నీ రెండోసారి కడతారు. మరీ అవసరమైతే ఒక్క నగ బ్యాంకులో పెట్టి లోన్ తీసుకోండి, ఎప్పటి వడ్డీ అప్పుడు కట్టేయండి.

ఇప్పుడు చైల్డ్ ప్లాన్. నెలకి 5 వేలు, 20 ఏళ్ళు అంటే 12 లక్షలు కడతారు. ఇలా పొదుపూ ఇన్సూరెన్సూ కలిపిన సంప్రదాయ పాలసీల్లో రాబడి మామూలుగా 5, 6 శాతం దగ్గరే ఉంటుంది, మధ్యలో మొదటి రెండు మూడేళ్ళలో ఆపేస్తే కట్టినదాంట్లో చాలావరకు పోద్ది, మీకు డబ్బు ఇబ్బంది వచ్చేది కూడా సరిగ్గా ఆ మొదటి రెండేళ్ళలోనే. టాక్స్ తగ్గుద్ది అన్నమాట కూడా మీకు వర్తించదు, కొత్త పద్ధతిలో 2025-26 నుంచి 12 లక్షల ఆదాయం దాకా టాక్సే లేదు, మీ జీతం ఏడాదికి దాంట్లో సగం కూడా లేదు. చుట్టరికం కదా అని మొహమాటపడితే 20 ఏళ్ళు కట్టాలి. "అన్నయ్యా, బిడ్డకి ఏడాది నిండాక చూద్దాం" అనేయండి చాలు.

ఈలోగా ఇన్సూరెన్స్ కావాల్సింది బిడ్డకి కాదు, మీకు. రోజూ హైవే మీద బండేసుకుని వెళ్ళొస్తున్నారు, ఇంట్లో పెద్ద జీతం మీదే. ఒక 75 లక్షల టర్మ్ పాలసీ తీసుకోండి, సిగరెట్టు అలవాటు లేకుండా ఆరోగ్యంగా ఉంటే ముప్పైల వయసులో నెలకి వెయ్యికి అటూ ఇటూగా పడుద్ది, 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత లైఫ్, హెల్త్ పాలసీల మీద జీఎస్టీ కూడా తీసేశారు. బతికుంటే డబ్బు వెనక్కి రాదు కదా అని చాలామంది దీన్ని వద్దంటారు. దయచేసి ఆ మాట వినొద్దు. మీరు లేని రోజు ఇద్దరు పిల్లల్ని చదివించే డబ్బు గురించి మాట్లాడుతున్నాం మనం. మీ పీఎఫ్ ఖాతాకి కూడా ఇన్సూరెన్స్ ఉంటుంది, గరిష్ఠంగా 7 లక్షల దాకా, అందులో నామినీగా ఇంకా పెళ్ళికి ముందు రాసిన పేరే ఉందేమో ఆన్‌లైన్‌లో చూసుకోండి.

పిల్లల చదువుకి దాచడం మేడమ్ మళ్ళీ జీతం తెచ్చుకునే నాటికి మొదలుపెట్టొచ్చు. మీ పెద్దపాపకి సుకన్య ఖాతా ఇప్పటిదాకా తెరవలేదంటే పోస్టాఫీసులో 250 రూపాయలతో తెరిచి పెట్టేయండి, వడ్డీ 2024 జనవరి నుంచి 8.2 శాతం ఇస్తున్నారు, మూడు నెలలకోసారి సమీక్షిస్తారు. పదేళ్ళ లోపు తెరవాలి, ఇద్దరు ఆడపిల్లలకీ తెరవొచ్చు. అబ్బాయి పుడితే పీపీఎఫ్‌లో (ప్రభుత్వ దీర్ఘకాల పొదుపు ఖాతా) వేసుకుందురుగాని. ఎవరు పుట్టినా దాచే మొత్తం మాత్రం ఒక్కటే ఉండాలి అని నా కోరిక, ఇక్కడ మా దగ్గరికొచ్చే చాలామంది అమ్మాయికి పెళ్ళి లెక్క, అబ్బాయికి చదువు లెక్క వేసుకుని వస్తారు, చూస్తే బాధేస్తుంది.

ప్రభుత్వ డబ్బుల గురించి చివర్లో అడిగారు. మాతృ వందన పథకంలో రెండో కాన్పుకి ఆడపిల్ల పుడితే 6 వేలు ఇస్తారు, కాని జీతంతో ప్రసూతి సెలవు పొందేవాళ్ళకి అది రాదు. బడికెళ్ళే పిల్లల తల్లులకి రాష్ట్రం ఇచ్చే తల్లికి వందనం ఇద్దరికీ వస్తుందని లెక్క వేసుకోకండి, అది ఒకటో తరగతి నుంచి, పైగా పట్టణాల్లో కుటుంబ ఆదాయం నెలకి 12 వేల లోపు ఉండాలి.

ఒక్క ఖర్చు మాత్రం తగ్గించొద్దు. రెండో పురుడు అత్తారింట్లోనే అన్నారు, మీ అమ్మగారికి మోకాళ్ళ నొప్పులని కూడా రాశారు. బిడ్డకి నలుగుపెట్టి నీళ్ళుపోసి, బాలింతని చూసుకునే మనిషిని రెండు నెలలు పెట్టుకోండి. ఫంక్షన్ హాల్లో బారసాల మానేసి, ఇంట్లో పదిమందికి భోజనం పెడితే ఆ డబ్బు దీనికి సరిపోద్ది. పెద్దపాపని కూడా ఆ మనిషి కాసేపు చూస్తుంది, నాలుగేళ్ళ పిల్లకి ఆ రోజుల్లో అమ్మ దగ్గర చోటు తగ్గిపోద్ది కదా.

బిడ్డ పుట్టిన 21 రోజుల్లోపు జనన నమోదు అయ్యేలా చూసుకోండి, ఆలస్యమైతే ఫీజులూ తిరుగుళ్ళూ. పేరు ఇంకా పెట్టకపోయినా నమోదు చేస్తారు. ఆ సర్టిఫికెట్ రాగానే కాపీ హెచ్ఆర్‌కి పంపి ఇన్సూరెన్స్‌లో బిడ్డని చేర్పించండి. హెచ్ఆర్ నుంచి జవాబు, జీతం స్లిప్పు ఫొటో రెండూ నాకు పంపితే మిగతా లెక్క మళ్ళీ చూసి చెప్తాను.