పొడపత్రి డబ్బా మీద 75 శాతం: ఆ లెక్క ఎవరిది?

ప్రశ్న: మా అత్తగారికి షుగర్. మాత్రలతో పాటు గాంధీ రోడ్డులో కొన్న పొడపత్రి చూర్ణం వాడుతున్నారు. దాని మీద ఏ శాతమూ లేదు. ఆన్‌లైన్‌లో తెప్పించిన క్యాప్సూల్స్ మీద ‘జిమ్నెమిక్ యాసిడ్స్ 75 శాతం’ అని ఉంది. అదే మంచిదా? ల్యాబులో ఎలా తేలుస్తారు?
– ఒక పాఠకురాలు, బైరాగిపట్టెడ, తిరుపతి

జవాబు: అమ్మా, చూర్ణం అంటే ఎండబెట్టి దంచిన ఆకు. క్యాప్సూల్లో ఉండేది ఆకు నుంచి తీసిన సారం. జిమ్నెమిక్ యాసిడ్లంటే పొడపత్రి ఆకులో ఉండే, నాలుకకి తీపి తెలియనివ్వని పదార్థాలు. ఉత్త ఆకులో ఇవి కొద్ది శాతమే ఉంటాయి. రెంటినీ పక్కపక్కన పెట్టి చూడకూడదు.

మందుల ల్యాబులో పనిచేసినవాణ్ణి కాబట్టి, 75 అనగానే నేను అడిగేది ‘ఏ పద్ధతిలో?’ అని. పాత పద్ధతిలో సారాన్ని నీళ్లలో కలిపి యాసిడ్ పోస్తారు. అడుగున చేరిన ముద్దను వడగట్టి, ఆరబెట్టి తూకం వేస్తారు. ముద్దలో వేరే సరుకూ ఉంటుంది, త్రాసుకి ఆ తేడా తెలీదు కదా! అంకె పెద్దగా వస్తుంది. హెచ్‌పీఎల్‌సీ (సరుకులోని పదార్థాలను విడదీసి కొలిచే మిషన్) దారి వేరు. జిమ్నెమిక్ యాసిడ్లు చాలా రకాలు. ముందు క్షారంతో, తర్వాత ఆమ్లంతో వేడి చేస్తే అవి చాలావరకు జిమ్నెమజెనిన్ అనే ఒకే పదార్థంగా మిగులుతాయి. వడగట్టి మిషన్‌కి ఎక్కిస్తే తెర మీద పీక్ (శిఖరంలాంటి గీత) లేస్తుంది. స్వచ్ఛమైన నమూనా ఇచ్చిన పీక్‌తో పోల్చి లెక్క కడతారు. అదే సరుకుకి ఇక్కడ అంకె బాగా తగ్గుతుంది. రెండు రిపోర్టుల్లో ఏదీ దొంగది కాదు, కంపెనీ మాత్రం పెద్దదాన్నే డబ్బా మీద వేసుకుంటుంది.

ఆకు అసలుదేనా అంటే, కాస్త చూర్ణం నాలుక మీద నానబెట్టి ఉమ్మేసి, బెల్లం ముక్క వేసుకోండి. ఇసుక నమిలినట్టుంటే పొడపత్రే. (లడ్డూతో చేయకండి, ప్రసాదం పాడు.) శాతం మాత్రం నాలుకకి తెలీదు.

నాకు టెన్షన్ వేరే ఉంది. షుగర్‌కి అమ్మే మూలికల మందుల్లో గ్లిబెన్‌క్లమైడ్, మెట్‌ఫార్మిన్ అనే ఇంగ్లీషు షుగర్ మందులు చెప్పకుండా కలిపినవి పట్టుబడ్డాయి. జిమ్నెమజెనిన్ పరీక్షకి అవి దొరకవు, ఎల్‌సీ-ఎంఎస్ (పదార్థాలను విడదీసి, అణువుల బరువును బట్టి గుర్తుపట్టే మిషన్) మీద పనిగట్టుకుని వెతకాలి. బ్యాచ్ నంబరు చెప్పి కంపెనీని ఆ రిపోర్టు కూడా అడగండి. విషలోహాల రిపోర్టూ చూడండి: సీసం 10 పీపీఎం (పది లక్షల పాళ్లలో 10 పాళ్లు), ఆర్సెనిక్ 3, పాదరసం 1, కాడ్మియం 0.3 దాటకూడదు. ల్యాబుకి ఎన్‌ఏబీఎల్ (ల్యాబులను పరిశీలించి గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉందో లేదో చూడండి.

క్యాప్సూల్ మొదలుపెట్టాక చెమటలు, వణుకు వస్తే షుగర్ మరీ పడిపోయిందేమో అనుకుని వెంటనే చక్కెర నీళ్లు తాగించి, డబ్బాతో సహా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఆయన రాసిన మాత్రలు మీ అంతట మీరు ఆపకండి.