విజయవాడలో గోదాము అద్దెకు తీసుకునేటప్పుడు ఏమేం చూడాలి?

చిన్న పంపిణీ వ్యాపారం కోసం మూడు వేల చదరపు అడుగుల గోదాము వెతుకుతున్నామని, అద్దె తక్కువగా ఉన్నదే తీసుకోవడం మేలా అని మీరు అడిగారు. నేను పదిహేనేళ్లుగా నోటు పుస్తకాలు, స్టేషనరీ హోల్‌సేలు వ్యాపారంలో ఉన్నాను. ఇప్పటికి మూడు గోదాములు మారాను. లారీలోంచి దిగిన పెట్టె దుకాణదారుడికి చేరేలోపు దాని మీద అద్దె, హమాలీ, బండి కిరాయి, పాడైన సరుకు అన్నీ కలిపి ఎంత పడుతుందో లెక్క వేసుకున్నాకే నేను ఇప్పుడు అద్దె మాట ఎత్తుతాను.

మొదటి గోదామును ఇబ్రహీంపట్నం వైపు తీసుకున్నాను. నగరంలో చూసిన వాటికంటే అడుగుకు ఆరు రూపాయలు తక్కువ, అంటే నెలకు పద్దెనిమిది వేలు ఆదా. కానీ నా సరుకులో సగం గుంటూరు, తెనాలి దుకాణాలకు వెళ్తుంది కాబట్టి ఆ బండ్లన్నీ నగరం దాటి, కృష్ణ దాటి వెళ్లవలసి వచ్చేది. రోజుకు నాలుగు ట్రాలీ ఆటోలు, ఒక్కోదానికి అదనంగా రెండు వందల యాభై, నెలకు ఇరవై ఆరు పనిదినాలు వేసుకుంటే ఇరవై ఆరు వేలు అయ్యేది. ఈ లెక్క కాగితం మీద పెట్టడానికి నాకు ఏడాది పట్టింది. మీరు మాత్రం గోదాము చూడకముందే మూడు నెలల బిల్లులు ముందేసుకుని, ఏ ఊరికి ఎన్ని పెట్టెలు వెళ్తున్నాయో రాసుకోండి.

ఆ తరువాత పాయకాపురంలో తీసుకున్నాను. దూరం సమస్య చాలావరకు తీరింది కానీ, నేల ఎత్తు గురించి నేను ఆలోచించలేదు. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు వాగు పొంగినప్పుడు లోపల నడుములోతు నీరు చేరింది. నీరు తీశాక షట్టరు ఎత్తితే కింది వరుసల పుస్తకాలు ఉబ్బి, అట్టపెట్టెలను చీల్చుకుని బయటికి వచ్చి ఉన్నాయి. గోడ మీద బురద గీత తిన్నగా, దారం పట్టి గీసినట్టుగా ఉంది. బీమా ఉంది, వరదకూ వర్తించింది. అయితే పాలసీలో నేను చూపిన విలువ అసలు సరుకు విలువలో సగమే కావడంతో నష్టంలోనూ సగమే లెక్కకట్టారు. అందుకే ఇప్పుడు ఏ గోదాముకు వెళ్లినా ముందు గోడల అడుగుభాగం చూస్తాను. కొత్తగా సున్నం వేసి ఉంటే యజమానిని అడిగి ఊరుకోకుండా, పక్కనున్న టీ కొట్టువాళ్లను అడుగుతాను. వానాకాలంలో ఒకసారి, అదీ వాన పడుతుండగా వెళ్లి చూస్తే రేకుల కారుడు, కాలువ పోటు రెండూ తెలిసిపోతాయి.

ఇప్పుడు మంగళగిరి దగ్గర, జాతీయ రహదారికి చేరువలో ఉన్నాను. నేల రోడ్డుకంటే నాలుగడుగుల ఎత్తున ఉండడం వల్ల లారీ తొట్టి, గోదాము గచ్చు దాదాపు సమానంగా వస్తాయి. మునుపు హమాలీలు ఒక్కొక్క పెట్టెను వీపున మోసుకుని దించేవారు, ఇప్పుడు చక్రాల బండి మీద నెట్టుకొస్తున్నారు. దించే సమయం సగానికి తగ్గింది, వాళ్ల నడుములకూ శ్రమ తగ్గింది. పెద్ద లారీ లోపలికి వచ్చి తిరగడానికి ఆవరణ చాలుతుందో లేదో అడుగులతో కొలవకండి, నిజంగా ఒక లారీని పిలిపించి తిప్పించండి.

గుంటూరు వైపు చూస్తున్నట్లయితే పక్క గోదాములో ఏముందో తప్పకుండా కనుక్కోండి. మిర్చి ఘాటు ఉమ్మడి రేకుల సందుల్లోంచి వచ్చి బిస్కెట్లకు, టీ పొడికి, కాగితానికి కూడా పడుతుంది. పైగా ఫిబ్రవరి నుంచి మే వరకు మిర్చి యార్డుకు సరుకు పోటెత్తే కాలంలో అక్కడ హమాలీలు, లారీలు దొరకడం కష్టం. నాకు బడుల సరుకు దిగేదీ ఆ రోజుల్లోనే.

కాగితాల పని త్వరగా ముగించుకోవచ్చు. గోదాము చిరునామాను జీఎస్టీ రిజిస్ట్రేషనులో అదనపు వ్యాపార స్థలంగా చేర్చండి, బీమా పాలసీలోనూ అదే చిరునామా ఉండాలి. ఆహార పదార్థాలైతే కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషను గానీ లైసెన్సు గానీ కావాలి. అద్దె ఒప్పందాన్ని రిజిస్టరు చేయించండి. రేకులు కారితే బాగు చేయించవలసింది ఎవరో, ఎన్ని రోజుల్లోనో అందులోనే రాయించండి. నా రెండో గోదాము ఒప్పందంలో ఆ వాక్యం లేకపోవడం వల్ల రెండు వానాకాలాలు టార్పాలిను కప్పుకుని గడిపాను.