ఏడు డెక్‌లు అయ్యాయి, ఎనిమిదోది ఏది?

ప్రశ్న: నమస్తే మేడమ్. నాలుగు నెలల కిందట నా స్నేహితురాలు ఒక టారో డెక్ (జోస్యం చెప్పడానికి వాడే బొమ్మల పేకముక్కల కట్ట) తెచ్చి చేతిలో పెట్టింది. జోస్యం మీద నాకు ఆసక్తి లేదు గానీ ఆ బొమ్మలు చూశాక మనసు ఆగలేదు. ఇప్పటికి ఏడు డెక్‌లు పోగయ్యాయి. తీరా చూస్తే నాలుగింటిలో అవే బొమ్మలు, రంగులే తేడా! "జోస్యం చెప్పనిదానివి, నీకెందుకే ఇవన్నీ" అంటోంది అక్క. కేవలం బొమ్మల కోసం సేకరించడం తప్పా? ఇకమీద ఏవి కొంటే బాగుంటుంది? ఎలా దాచుకోవాలి?

జవాబు: తప్పు కానే కాదమ్మా. అక్కగారికి నా మాటగా చెప్పండి, టారో పుట్టిందే పేకాట కోసం. 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలోని ప్రభువులు ఆడుకోవడానికి చిత్రకారుల చేత వేయించుకున్న ముక్కలివి. ఫ్రాన్స్‌లో, ఆస్ట్రియాలో ఈనాటికీ టారో ముక్కలతో ఆట ఆడుతూనే ఉన్నారు. 1781లో కూర్ ద జెబెలాన్ అనే ఫ్రెంచి పండితుడు ఇది ఈజిప్టు పురాతన జ్ఞానమని ఏ ఆధారమూ లేకుండా రాసేశాడు. జోస్యం ఊపందుకున్నది ఆ తర్వాతే. కాబట్టి బొమ్మల కోసం వచ్చిన మీరు దొడ్డిదారిన వచ్చినవారేమీ కారు.

ఇక ఆ నాలుగు డెక్‌ల సంగతి. నాలుగూ 1909లో లండన్‌లో అచ్చయిన ఒకే డెక్ పిల్లలు. ఏం ఉండాలో ఆలోచించినవాడు ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్, అచ్చువేసింది విలియం రైడర్ సంస్థ. బొమ్మలన్నీ గీసింది మాత్రం పమేలా కోల్మన్ స్మిత్ అనే ముప్పై ఒక్క ఏళ్ల అమ్మాయి. అప్పట్లో వాడుకలో ఉన్న డెక్‌లలో 'కప్పుల ఐదు' (పేకలో ఆటీను ఐదు లాంటిది) అంటే ఐదు కప్పులు వరుసగా గీసి ఊరుకునేవారు. ఈమె మొత్తం 78 ముక్కలకీ బొమ్మలు గీసి, అంకెల ముక్కల్లోనూ కథ పెట్టింది. పని ముగించాక ఒక ఉత్తరంలో, చాలా పెద్ద పని చేశాను, చేతికొచ్చింది బాగా తక్కువ అని రాసుకుంది. 1951లో పోయేనాటికి అప్పులే మిగిలాయి. డెక్ మాత్రం దశాబ్దాల పాటు 'రైడర్-వెయిట్' పేరుతోనే అమ్ముడుపోయింది. ఇప్పుడిప్పుడే సేకర్తలు 'రైడర్-వెయిట్-స్మిత్' అంటున్నారు. మీరూ ఆ మూడో పేరు వదలకుండా చెప్పండమ్మా, నా కోరిక ఇది.

ఎనిమిదోది కొనేముందు ఒక పని చేయండి. ఆ నాలుగింటిలో అసలు గీతలకి దగ్గరగా ఉన్నదాన్ని తీసి, అందులో 'కప్పుల ఎనిమిది' చూడండి. ఎర్ర దుస్తులు వేసుకున్న మనిషి చేతికర్ర పట్టుకుని మనకు వీపు చూపిస్తూ కొండల వైపు వెళ్లిపోతుంటాడు. పైన ముఖమున్న చంద్రుడు. ముందు కప్పులు కింద ఐదు, పైన మూడు పేర్చి ఉంటాయి. పై వరుసలో ఒక కప్పు పట్టేంత ఖాళీ ఉంది, కనిపించిందా? ఆ డెక్ నా దగ్గరికొచ్చిన రెండేళ్లకు గానీ నేను ఆ ఖాళీని చూడలేదు. చూశాక అతను ఎందుకు వెళ్తున్నాడో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. అలాగే ప్రతి ముక్కలోనూ కింద ఒక మూల వెతకండి, పాము మెలికలా అల్లిన చిన్న గుర్తు ఉంటుంది. అది ఆమె సంతకం. రంగులు మార్చి వేసిన కొన్ని డెక్‌లలో ఆ సంతకమే ఎగిరిపోతుంది. అలాంటిది నేను కొనను.

తర్వాతది ఫ్రాన్స్ పాత సంప్రదాయపు మార్సెయ్ డెక్ అయితే మంచిది. 1760 అని సంవత్సరం వేసి ఉన్న నికొలా కోన్వెర్ ముక్కల ప్రతులు చాలా సంస్థలు అచ్చువేస్తున్నాయి. చెక్క అచ్చుతో గీతలు దించి, పైన స్టెన్సిల్ పెట్టి రంగులద్దేవారు కాబట్టి ఎరుపో నీలమో గీత దాటి పక్కకు పోయి ఉంటుంది. నాకు అదే ముద్దు. కప్పులు, కత్తుల వంటి రంగులకు చెందని పెద్ద ముక్కల్లో పదమూడోదాన్ని గమనించండి, మిగతా పెద్ద ముక్కలకి కింద పేరుంటుంది, మృత్యువున్న ఆ ముక్కకి మాత్రం ఉండదు.

ఆ తర్వాత మిలాన్ ప్రభువుల విస్కోంతి-స్ఫోర్జా డెక్ ప్రతి. బంగారు రేకు మీద సన్నటి మొనలతో నగిషీ చెక్కి, దానిపైన వేసిన బొమ్మలు. అసలు ముక్కలు న్యూయార్క్‌లోని మోర్గన్ లైబ్రరీలో కొన్ని, బెర్గామోలో కొన్ని ఉన్నాయి. ముక్కల పైఅంచున చిన్న చిల్లు కనిపిస్తుంది, ఎప్పుడో ఎవరో మేకు కొట్టి గోడకు తగిలించినట్టుగా. మంచి ప్రతిలో ఆ చిల్లు కూడా అచ్చవుతుంది. 78లో నాలుగు ముక్కలు దొరకలేదు: డెవిల్, టవర్, కత్తుల మూడు, నాణేల గుర్రపురౌతు. అందుకని ప్రతి ప్రచురణకర్తా ఆ నాలుగూ కొత్తగా గీయించుకోవాలి. ఆరు వందల ఏళ్ల నాటి చేతిని ఈనాటి చేయి ఎంతవరకు అందుకుందో ఆ నాలుగింటిలో తెలిసిపోతుంది. నేను ప్రతి ఎంచుకునేది వాటిని చూసే.

లేడీ ఫ్రీడా హారిస్ వేసిన థోత్ డెక్ ఎప్పుడైనా కొనుక్కోవచ్చు, తొందరలేదు.

నకిలీలతో జాగ్రత్త. ఒకసారి ఆన్‌లైన్‌లో చవగ్గా వచ్చిందని ఒకటి తెప్పించాను. పెట్టె అచ్చం అసలుదానిలాగే ఉంది. లోపల ముక్కలు పలచన, గీతలు అలికినట్టున్నాయి, పుస్తకం లేదు, బొమ్మ అంచులు కోసేసి ఉన్నాయి. అలాంటిది కొంటే ఆ బొమ్మలు వేసిన మనిషికి ఏమీ ముట్టదు. ఆ దిగులు నాకు ఇప్పటికీ ఉంది. చిత్రకారుల పేరు, ప్రచురణకర్త పేరు రెండూ లేని డెక్ చేతబట్టకండి.

దాచడానికి పెద్ద హంగులేమీ వద్దు. ఎండ తగిలితే రంగు వెలుస్తుంది, తేమ తగిలితే ముక్క వంగుతుంది. రబ్బరు బ్యాండు మాత్రం వేయకండి. నా మొదటి డెక్‌కి వేస్తే పై ముక్క, అడుగు ముక్క అంచులు నొక్కుకుపోయి గాట్లు పడ్డాయి. అంచులకు బంగారు పూత ఉన్నవాటిని పేకాటలోలా విదిలిస్తూ కలపొద్దు. పెట్టె, లోపలి పుస్తకం పారేయొద్దు, ఏ ముద్రణో తెలుసుకోవడానికి అవీ పనికొస్తాయి. 1909 నాటి తొలి ముద్రణను ముక్కల వెనకవైపున్న గులాబీలు, లిల్లీలను బట్టి గుర్తుపడతారు.

ప్రశ్న: నా రెండు డెక్‌లలో ఒకదానిలో 'శక్తి' ముక్క 8, మరోదానిలో 11. అచ్చుతప్పా? మార్చుకోవాలా?

జవాబు: అచ్చుతప్పు కాదు బాబూ. మార్సెయ్ డెక్‌లో న్యాయం 8, శక్తి 11. వెయిట్ తన డెక్‌లో ఆ రెండింటినీ తారుమారు చేశాడు. రాశుల వరుసకు సరిపోవాలనే అలా చేశాడంటారు: అందులో సింహం ముందు, తుల తర్వాత. శక్తి బొమ్మలో సింహం ఉంది, న్యాయం చేతిలో త్రాసు ఉంది. కొత్త డెక్ చేతికొచ్చినప్పుడు నేను ముందు తీసి చూసేవి ఈ రెండు ముక్కలే, గీసినవాళ్లు ఏ ఇంటివాళ్లో వెంటనే తెలుస్తుంది. రెండు డెక్‌లూ అలాగే ఉంచుకోండి.