చిల్కా వెళ్తున్న మేనల్లుడికి

పర్లాకిమిడి

చిరంజీవి చిన్నాకి మావయ్య ఆశీస్సులు.

నువ్వు అగ్నివీర్‌గా నేవీకి సెలక్టయ్యావని మీ అమ్మ ఫోన్ చేసినప్పటి నుంచీ నీకు ఉత్తరం రాయాలనే ఉంది. ఫోన్లో చెప్తే సగం గాలికి పోతుంది. కాగితమైతే గుణుపూర్ నుంచి పెట్టెలో పెట్టుకుని తీసికెళ్తావు.

చిల్కా నేవీ శిక్షణ కేంద్రంలో ట్రేడ్ ఏం కావాలని అడిగితే ఎయిర్ బ్రాంచి అని చెప్పు. అడిగినవాళ్ళందరికీ దొరకదు, అయినా అడుగు. నేవీలో చేరి విమానాల పనేమిటని మీ నాన్నగారు అన్నారట. ఓడ మీంచి చూస్తే కొద్ది దూరంలోనే సముద్రం అంచు వచ్చేస్తుంది. దాని అవతల ఏముందో పైకెగిరితేనే తెలిసేది. అందుకే 1910లోనే అమెరికాలో యూజీన్ ఎలీ అనే ఆయన ఓడ మీద కట్టిన చెక్క వేదిక మీంచి విమానం ఎగరేశాడు. మరుసటి జనవరిలో ఇంకో ఓడ మీద దిగాడు. డెక్కుకి, అంటే ఓడ పైతట్టుకి, అడ్డంగా తాళ్ళు కట్టి, కొసలకి ఇసుక మూటలు పెట్టారు. విమానం కొక్కేలు ఆ తాళ్ళని పట్టుకుని, మూటల్ని ఈడ్చుకుంటూ ఆగింది. ఇవాళ మన విమానవాహక నౌక కొత్త విక్రాంత్ మీద మిగ్ యుద్ధవిమానం దిగినా, తోక కొక్కెం తీగని పట్టుకునే ఆగుతుంది.

మన దగ్గర ఈ బ్రాంచి 1953లో కొచ్చిలో మొదలైంది. నీళ్ళ మీదా నేల మీదా దిగగలిగే సీలాండ్ విమానాలొచ్చాయి, మే 11న నేవీ విమాన స్థావరం ఐఎన్‌ఎస్ గరుడ వచ్చింది. 1961లో విమానవాహక నౌక పాత విక్రాంత్ వచ్చింది. దాని డెక్కు మీద మొదటి జెట్ దింపిన తహిలియానీ గారు తర్వాత నేవీ అధిపతి అయ్యారు. 1971 యుద్ధంలో ఒక బాయిలర్‌కి పగులున్నా ఆ ఓడ వెనక్కి తగ్గలేదు. దాని సీహాక్ జెట్ విమానాలు డిసెంబర్ 4న అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని కాక్స్ బజార్ మీద దాడి చేశాయి. నాకు మాత్రం 1976 ఇంకా పెద్ద సంగతి. దూరపు సముద్రం మీద గస్తీ అంతవరకూ వాయుసేనది. ఆ ఏడు సూపర్ కాన్‌స్టెలేషన్ విమానాలు నేవీ చేతికొచ్చాయి. తన సముద్రాన్ని నేవీ తన కళ్ళతో చూసుకోవడం అప్పటినుంచే. విశాఖ బీచ్‌లో నువ్వు ఎక్కి చూసిన టీయూ-142 రకం విమానం 1988 నుంచి 2017 దాకా ఆ పనే చేసింది. విశాఖలో నేవీ ఎయిర్ స్టేషన్ పేరు డేగ. మన మాటే!

పైలట్ కానందుకు చిన్నబుచ్చుకోకు. 1973లో నేను నేవీలో చేరి, ఓడ మీంచి ఎగిరే ఆలిజే విమానాల మరమ్మతు పనిలో పడ్డాను. డెక్కు మీద చోటు చాలదు కాబట్టి వాటి రెక్కలు పైకి మడుస్తారు. ఆ మడత కీళ్ళ సందుల్లో ఉప్పు చేరుతుంది. మంచినీళ్ళతో కడిగి, తుడిచి, టార్చి వేసి చూడాలి. రివెట్ తల చుట్టూ ముగ్గుపిండిలాంటి తెల్లటి పొడి కనిపించిందా, ఉప్పు అల్యూమినియాన్ని తినేస్తోందని లెక్క. పైన బాగానే ఉంది కదా అని వదిలెయ్యకు.

పనిముట్లు లెక్కపెట్టకుండా విమానం దగ్గర్నుంచి కదలకు. ఒక సాయంత్రం నా డబ్బాలో చిన్న స్పానర్ తగ్గింది. తిట్లకి భయపడి పొద్దున్న చెబుదామనుకున్నాను. రాత్రి నిద్ర పట్టలేదు. లేచి వెళ్ళి డ్యూటీ పెట్టీ ఆఫీసర్‌కి చెప్పాను. ఆ విమానం తెల్లారి ఎగరాల్సింది, ఆపేశారు. ముగ్గురం ప్యానెళ్ళు విప్పాం. స్పానర్ కంట్రోల్ తీగల పక్కనే ఉంది. ఆ విమానం ఎక్కాల్సిన ముగ్గురు పొద్దున్న టీ తాగుతుంటే వాళ్ళ మొహాలకేసి చూడలేకపోయాను. తప్పు జరిగితే ఆ క్షణమే చెప్పు, చిన్నా. తిట్లు పడతాయి, పడనీ.

చెయ్యని పనికి సంతకం పెట్టకు, ఎంత పెద్దవాడు తొందరపెట్టినా సరే. మాన్యువల్ ఇంగ్లీషు ఇప్పటినుంచే రోజుకో పేజీ చదువు. అగ్నివీర్ల గడువు నాలుగేళ్ళే, ఆ తర్వాత నలుగురిలో ఒకరినే ఉంచుకుంటారు. మిగతావాళ్ళకి బయట అన్నం పెట్టేది చేతిపనే.

వచ్చే ఆదివారం ఇక్కడికి రా. నా స్కూటర్ కార్బురేటర్ నీ చేత విప్పించి, మళ్ళీ బిగింపించాలి. విప్పిన ముక్కలు ఏ వరసలో పేర్చుకుంటావో చూస్తాను.

నీ మావయ్య