హెడ్‌లెస్, ఫ్యాన్డ్ ఫ్రెట్ గిటార్లు చేతికి నప్పుతాయా?

ఇన్నాళ్లూ స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్) తరహా గిటార్ వాయించారు, ఇప్పుడు తల లేని, ఫ్రెట్లు ఏటవాలుగా ఉన్న గిటార్ మీద మనసు పడింది. అది నిజంగా వాయించడానికి సుఖమా, లేక చూడటానికేనా అన్నది మీ ప్రశ్న. దీన్ని ఒకే డిజైన్ అనుకుంటే జవాబు తేలదు. అందులో ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగు నిర్ణయాలున్నాయి: తల తీసేయడం, ఫ్రెట్లను విసనకర్రలా పరచడం (దీన్నే ఫ్యాన్ అంటున్నాను), నెక్ వెనక భాగాన్ని చెక్కిన తీరు, బాడీ కోత. నా మాట ఏమిటంటే, తల తీసేయడం వల్ల ప్రతి ఒక్కరికీ కొంత లాభం ఉంది. ఆరు తీగలు, స్టాండర్డ్ ట్యూనింగ్‌లో వాయించేవాళ్లకి ఫ్యాన్ వల్ల ఒరిగేది తక్కువ. ఇక కొనేవాళ్లు అస్సలు పట్టించుకోని బాడీ ఆకారమే రోజువారీ సుఖాన్ని ఎక్కువగా తేలుస్తుంది.

ముందు ఫ్యాన్ సంగతి, ఎందుకంటే అపోహలన్నీ ఇక్కడే. ఆలోచన కొత్తదేం కాదు, 16వ శతాబ్దపు ఇంగ్లండు వాద్యం ఓర్ఫేరియన్‌కే ఫ్రెట్లు ఏటవాలుగా ఉండేవి. ఎలక్ట్రిక్ గిటార్‌కి ఇప్పటి రూపంలో దీన్ని తెచ్చింది రాల్ఫ్ నోవాక్, ఆయన అమెరికా పేటెంట్ 1989 నాటిది. లావు తీగకి పొడవు ఎక్కువ, సన్న తీగకి తక్కువ, అంతే సూత్రం. స్కేల్ పొడవంటే నట్ (తల వైపు తీగలు ఆనే పట్టీ) నుంచి బ్రిడ్జ్ దాకా తీగ పొడవు. గేజ్ (తీగ మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో), స్వరం మారకపోతే తీగ బిగువు ఈ పొడవు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 25.5 అంగుళాల నుంచి 27 అంగుళాలకి వెళ్తే ఆరో తీగ బిగువు దాదాపు 12 శాతం పెరుగుతుంది. అదే 25 నుంచి 25.5కి అయితే 4 శాతమే. ఇప్పుడు దీన్ని పోల్చండి: పొడవు మార్చకుండా 46 గేజ్ తీసేసి 48 వేస్తే బిగువు సుమారు 9 శాతం పెరుగుతుంది. అంటే అర అంగుళం ఫ్యాన్ (లావు, సన్న తీగల పొడవుల మధ్య తేడా) ఇచ్చే లాభాన్ని ఒక్క లావు తీగ మార్చుకుని అంతకు రెట్టింపు పొందొచ్చు.

స్ట్రాండ్‌బెర్గ్ కంపెనీ హెడ్‌లెస్ గిటార్ బోడెన్ ఆరు తీగల ఫ్యాన్ మోడల్‌లో స్కేల్ 25 నుంచి 25.5 అంగుళాలు, ఎనిమిది తీగల దాంట్లో 26.5 నుంచి 28. ఎనిమిదో తీగని కింది ఎఫ్ షార్ప్ దాకా దింపినప్పుడు 25.5 అంగుళాల మీద అది వదులై, పిక్ తగిలిన క్షణంలో శ్రుతి పైకెక్కి తర్వాత కిందికి జారుతుంది. అక్కడ 28 అంగుళాలు ఆడంబరం కాదు, అవసరం. మీరు ఆరు తీగల ఇ స్టాండర్డ్‌లోనే ఉంటే, లేదా మహా అయితే డ్రాప్ డి (ఆరో తీగని డి స్వరానికి దింపడం) దాకా వెళ్తే, ఫ్యాన్ కోసం ప్రత్యేకంగా డబ్బు పెట్టకండి.

ఫ్యాన్ ఎంత అన్నదాని కన్నా నిటారు ఫ్రెట్ ఎక్కడుంది అన్నది చేతికి ఎక్కువ తెలుస్తుంది. ప్రతి ఫ్యాన్డ్ నెక్ మీదా ఒక ఫ్రెట్ మామూలుగా తిన్నగా ఉంటుంది, దానికి రెండు వైపులా వాలు పెరుగుతూ పోతుంది. 1.5 అంగుళాల ఫ్యాన్ తీసుకుందాం. నిటారు ఫ్రెట్ 7 అయితే నట్ దగ్గర లావు తీగ వైపు 12.7 మిల్లీమీటర్లు వెనక్కి జరుగుతుంది, మొదటి ఫ్రెట్ దగ్గర 10.5. బ్రిడ్జ్ దగ్గర అదే 25 మిల్లీమీటర్లు. నిటారు ఫ్రెట్‌ని 12కి మార్చితే నట్ దగ్గరా బ్రిడ్జ్ దగ్గరా చెరి 19 మిల్లీమీటర్లు పడుతుంది. మొదటి ఫ్రెట్ వాలు 16 డిగ్రీల నుంచి సుమారు 25 డిగ్రీలకి పెరుగుతుంది. ఎఫ్ బార్ కార్డ్ (చూపుడు వేలితో అన్ని తీగలూ అడ్డంగా నొక్కేది) వేయగానే ఆ తేడా మణికట్టుకి తెలుస్తుంది. అందుకని కింది కార్డ్స్ ఎక్కువ వాడేవాళ్లకి 7 నయం, పై ఫ్రెట్లలో సోలోలు ఎక్కువ వాయించేవాళ్లకి 9 గానీ 12 గానీ నయం. అర అంగుళం ఫ్యాన్‌కి, నిటారు ఫ్రెట్ 7 అయితే, మొదటి ఫ్రెట్ వాలు 3.5 మిల్లీమీటర్లే. చూడకుండా వాయిస్తే తెలియనే తెలియదు.

అన్ని కార్డ్స్ కష్టమవుతాయనుకోకండి. ఓపెన్ సి లాంటిది నిజానికి తేలికవుతుంది: ఉంగరపు వేలు ఐదో తీగ మూడో ఫ్రెట్ మీద ఉంటుంది, ఫ్యాన్ దాన్ని నట్ వైపుకి, అంటే రెండో తీగ మీదున్న చూపుడు వేలి దగ్గరికి తెస్తుంది. లావు తీగ మీద చూపుడు వేలు పెట్టి, సన్న తీగ మీద మూడు ఫ్రెట్లు అవతల చిటికెన వేలు చాచే ఆకారాలే బాధపెడతాయి.

ఎడమ చెయ్యి త్వరగానే సర్దుకుంటుంది. ఇబ్బంది పెట్టేది కుడిచెయ్యి, దాని గురించి ఎవరూ చెప్పరు. బ్రిడ్జ్ 25 మిల్లీమీటర్లు వాలుగా ఉంటే పామ్ మ్యూట్ (బ్రిడ్జ్ దగ్గర అరచేతి అంచు ఆనించి తీగల మోత తగ్గించడం) కోసం ఆ అంచుని కూడా అంతే వాల్చాలి. పాత అలవాటులో పెడితే లావు తీగలు సరిగా మ్యూట్ అవుతాయి, సన్న తీగలు మోగుతూనే ఉంటాయి, లేదా తిరగబడుతుంది. ఇంకొకటి కాపో, అంటే శ్రుతి పెంచడానికి ఒక ఫ్రెట్ దగ్గర తీగలన్నిటినీ నొక్కిపట్టే క్లిప్. చర్చి పాటలకీ, గాయకుల శ్రుతికి తగ్గట్టు సినిమా పాటలకీ కాపో లేకుండా గడవనివాళ్లు మనలో చాలామంది. పెద్ద ఫ్యాన్ మీద ఒకటి, రెండు ఫ్రెట్ల దగ్గర మామూలు కాపో అడ్డంగా పడి ఒక వైపు ఫ్రెట్ దాటిపోతుంది. నిటారు ఫ్రెట్ చుట్టుపక్కలే అది కుదురుగా కూర్చుంటుంది. పికప్ మార్చాలన్నా వాలుకి సరిపడేవి వెతుక్కోవాలి.

ఐబనెజ్ కంపెనీ క్యూఎక్స్ వరస గిటార్లని చాలామంది మల్టీస్కేల్ (తీగకో పొడవు ఉన్న ఫ్యాన్డ్ గిటార్) అనుకుంటారు. కాదు. దానిమీద ఫ్రెట్లన్నీ ఒకే కోణంలో, 8 డిగ్రీలు వాలి ఉంటాయి, అన్ని తీగలకీ పొడవు ఒకటే. కాబట్టి బిగువులో మార్పేమీ ఉండదు, మణికట్టు కోణం కోసమే ఆ ఏర్పాటు.

ఇక తల లేకపోవడం. వాద్యాల డిజైనర్ నెడ్ స్టైన్‌బెర్గర్ 1980 ప్రాంతంలో తెచ్చిన బేస్ గిటార్‌తో ఇది పేరుకెక్కింది, కార్బన్ ఫైబర్ కలిపిన శరీరం, ట్యూనర్లన్నీ బ్రిడ్జ్ దగ్గర. లాభాలు సూటిగా చెప్పొచ్చు. మామూలు ఎలక్ట్రిక్ మూడున్నర కిలోల దరిదాపుల్లో ఉంటే, హెడ్‌లెస్ గిటార్లు చాలావరకు 2 నుంచి 2.6 కిలోల మధ్య ఉంటాయి. నెక్ కిందికి వాలిపోదు కాబట్టి ఎడమ చెయ్యి గిటార్‌ని మోయక్కర్లేదు. స్కూటర్ మీద వెళ్లేవాళ్లకి వీపు మీది బ్యాగ్ తలుపు పైకమ్మికి తగలదు. నట్ అవతల మిగిలే తీగ అతి కొద్ది కాబట్టి నట్ గాడిలో తీగ ఇరుక్కుని శ్రుతి పోయే జబ్బు దాదాపు ఉండదు.

బెండ్ (తీగని పక్కకి నెట్టి స్వరం పెంచడం) గురించి ఒక మాట. తల లేకపోతే తీగలు మెత్తబడతాయని విని ఉంటారు. స్వరం, గేజ్, స్కేల్ ఒకటే అయితే బిగువు మారదు. మారేది వేలు నెట్టాల్సిన దూరం: సాగడానికి అదనపు తీగ లేదు కాబట్టి కొంచెం నెడితేనే స్వరం ఎక్కేస్తుంది. గమకాలు పలికించాలనుకునేవాళ్లకి ఇది మొదట్లో శ్రుతి మించినట్టు వినిపిస్తుంది, తంబుర పెట్టుకుని సాధన చేస్తే చెవే సర్దుతుంది. మన సంగీతానికి వాద్యాన్ని మార్చుకోవడం మనకి కొత్తా? పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్‌లో జంట తీగలు తీసేసి ఐదు ఒంటి తీగలతో కర్ణాటక సంగీతం వాయించారు. కానీ ఎవర్‌ట్యూన్ బ్రిడ్జ్ ఉన్న గిటార్ మాత్రం గమకాలకి చూసుకుని కొనండి. స్ప్రింగు బిగువుని స్థిరంగా పట్టి ఉంచడమే దాని పని. మధ్య జోన్‌లో పెడితే తీగ ఎంత లాగినా స్వరం కదలదు, బెండ్ కావాలంటే ప్రతి తీగనీ పై జోన్ అంచు దాకా బిగించుకోవాలి.

తీగలు మార్చడంలోనే హెడ్‌లెస్ కొత్తవాళ్లని ఏడిపిస్తుంది. బ్రిడ్జ్ ట్యూనర్ లోపలి భాగం కదిలే దూరం చాలా తక్కువ, ఒక సెంటీమీటరు, కొంచెం అటూ ఇటూ. తీగని వదులుగా పెట్టి, నట్ అవతల తల ఉండాల్సిన చోట ఉండే బిగింపులో బిగిస్తే, నాబ్ చివరిదాకా తిప్పినా శ్రుతికి చేరదు. "ట్యూనర్ పాడైంది" అని వచ్చే గిటార్లలో చాలావాటి రోగం ఇదే. నాబ్‌ని పూర్తిగా వదులు చేసి, లోపలి ముక్క నట్ వైపు చివరికి వచ్చాక మొదలుపెట్టండి. బాల్ ఎండ్ (తీగ కొసనుండే చిన్న లోహపు గుండు) బ్రిడ్జ్‌లో కూర్చోబెట్టి, తీగని నట్ అవతలి బిగింపు గుండా పంపి, పట్టకారుతో బిర్రుగా లాగి పట్టుకుని అప్పుడు అలెన్ స్క్రూ బిగించండి. శ్రుతి చేసి, తీగ జారట్లేదని తేలాకే మిగిలిన కొస కత్తిరించాలి, అదీ ఒక సెంటీమీటరు వదిలి. ముందే కత్తిరిస్తే, జారినప్పుడు పట్టుకోవడానికి కొస ఉండదు. 9, 10 గేజ్ సన్న తీగల మీద స్క్రూని బలంకొద్దీ బిగించకండి, నలిగిన చోటే తెగుతాయి. పాత స్టైన్‌బెర్గర్ తరహా గిటార్ అయితే రెండు కొసలా బాల్ ఉన్న తీగలు కావాలి, అవి మన దుకాణాల్లో దొరకడం కష్టం. కొనేముందే మామూలు తీగలు పడతాయా అని అడగండి.

ఇంటొనేషన్ (ఏ ఫ్రెట్ నొక్కినా శ్రుతి సరిగ్గా పలికేలా తీగ పొడవు సర్దడం) సెట్ చేయడానికీ ఓపిక కావాలి. చాలా హెడ్‌లెస్ బ్రిడ్జ్‌లలో శాడిల్‌ని (బ్రిడ్జ్ మీద తీగ ఆనే ముక్కని) వెనక్కీ ముందుకీ నడిపే స్క్రూ ఉండదు. తీగ వదులు చేసి, పట్టు స్క్రూ సడలించి, శాడిల్‌ని చేత్తో జరిపి, మళ్లీ బిగించి, శ్రుతి చేసి చూడాలి. 12వ ఫ్రెట్ హార్మోనిక్ (తీగని నొక్కకుండా తాకి పలికించే స్వరం) కన్నా నొక్కిన స్వరం ఎక్కువ పలికితే శాడిల్ వెనక్కి, తక్కువైతే ముందుకి. ఎప్పుడూ కొత్త తీగల మీదే చేయండి. 1.5 నుంచి 3 మిల్లీమీటర్ల మధ్య అలెన్ కీలు మంచివి దగ్గరుంచుకోండి. నాసిరకం కీ స్క్రూ గాడిని గుండ్రం చేసేస్తే దాన్ని బయటికి తీయడం పెద్ద పని. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఉన్న ఊళ్లలో ఆ నల్ల స్క్రూలు చెమటకి తుప్పు పడతాయి. తీగలు మార్చినప్పుడల్లా స్క్రూ మరల మీద ఒక చుక్క పలుచటి నూనె వేస్తే నాబ్ కూడా తేలిగ్గా తిరుగుతుంది.

సెట్టింగ్ అంకెలు మామూలు గిటార్‌వే: మొదటి ఫ్రెట్, చివరి ఫ్రెట్ నొక్కిపెట్టి 7వ ఫ్రెట్ దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య సందు 0.15 నుంచి 0.2 మిల్లీమీటర్లు, 12వ ఫ్రెట్ దగ్గర యాక్షన్ (ఫ్రెట్ మీద తీగ ఎత్తు) ఆరో తీగకి 1.6, ఒకటో తీగకి 1.3 మిల్లీమీటర్లతో మొదలుపెట్టి తగ్గించుకోవచ్చు.

నెక్ విషయం పూర్తిగా మీ బొటనవేలి అలవాటు. స్ట్రాండ్‌బెర్గ్ ఎండర్‌నెక్ వెనక గుండ్రంగా కాక పలకలుగా ఉంటుంది. బొటనవేలు నెక్ వెనక మధ్యలో పెట్టేవాళ్లకి అది చక్కని ఆసరా. బొటనవేలు పైకెక్కించి పట్టుకుని బెండ్ చేసే బ్లూస్ చేతులకి ఆ అంచులు గుచ్చుకుంటాయి, కొన్ని వారాల్లో అలవాటైపోతుందని అమ్మేవాళ్లు చెప్పే మాట నమ్మకండి.

బాడీ గురించి. ఈ గిటార్లలో చాలావరకు కుర్చీలో కూర్చుని, ఎడమ తొడ మీద క్లాసికల్ పద్ధతిలో నెక్ పైకెత్తి పట్టుకోవడానికి కోసినవి. అలా పడితే భుజం, మణికట్టు రెండూ హాయిగా ఉంటాయి. కుడి తొడ మీద పెడితే కొన్నిటి కోత పట్టు ఇవ్వదు. మఠం వేసుకుని నేల మీద కూర్చుని సాధన చేసే అలవాటుంటే చిన్న బాడీ ఒళ్లోకి జారిపోతూ ఉంటుంది, కూర్చున్నా సరే బెల్ట్ వేసుకోక తప్పదు. గోడకి తల పట్టి వేలాడదీసే కొక్కేలు, తలకి తగిలించే క్లిప్ ట్యూనర్లు ఇక పనికిరావు. బాడీని పట్టే స్టాండ్, పెడల్ ట్యూనర్ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

దుకాణంలో చూసేటప్పుడు మీరు ఇంట్లో ఎలా కూర్చుంటారో అలాగే కూర్చుని పావుగంట వాయించండి, నిలబడి ఐదు నిమిషాలు కాదు. ఎఫ్ బార్, తర్వాత 15వ ఫ్రెట్ దగ్గర రెండో తీగ ఫుల్ బెండ్, తర్వాత పామ్ మ్యూట్. పూర్తి శ్రుతిలో ఉన్నప్పుడు ప్రతి నాబ్‌నీ ఒకసారి వేళ్లతోనే పైకి తిప్పి చూడండి. చౌక బ్రిడ్జ్‌లలో బేరింగ్ ఉండదు, ఆరో తీగ నాబ్ పట్టకారు లేకుండా కదలదు. ఆంప్‌లో గెయిన్ పెంచి ఒక్కో తీగనీ విడిగా ముట్టుకోండి. తీగకో బ్రిడ్జ్ ముక్క ఉన్న గిటార్లలో ప్రతి ముక్కకీ విడిగా గ్రౌండ్ అందాలి, నల్ల పూత అడ్డుపడితే ఏదో ఒక తీగ దగ్గర హమ్ తగ్గదు. తగ్గలేదంటే అక్కడే చూపించి సరిచేయించుకోండి, బ్రిడ్జ్ కింద పూత గీకి వైర్ తగిలించడం పది నిమిషాల పనే.