చెన్నైలో పాత తెలుగు పుస్తకాలు: ఎక్కడ వెతకాలి, ఎందుకు వెతకాలి

మీరు రెండు ప్రశ్నలు వేశారు. ఉద్యోగం మీద చెన్నై వచ్చాను, ఇక్కడి పాత పుస్తకాల షాపుల్లో అమ్మకు కావలసిన పాత తెలుగు నవలలు దొరుకుతాయా అన్నది ఒకటి. పాత పుస్తకాలన్నీ స్కాన్ చేసి నెట్‌లో పెడుతున్నప్పుడు ఎండలో తిరిగి దుమ్ము పుస్తకాలు కొనడం దేనికి అన్నది రెండోది. చాలా ఏళ్లుగా చెన్నైలో ఉంటూ ఈ షాపుల చుట్టూ తిరుగుతున్న మనిషిగా చెబుతున్నాను.

దొరుకుతాయి. పాత తెలుగు పుస్తకం కోసం హైదరాబాద్ కంటే ముందు చెన్నైలోనే వెతకమంటాను. పేరున్న మన ప్రచురణకర్తలు, పత్రికలవాళ్లు ఎంతోమంది ఒకప్పుడు ఇక్కడే ఉండేవాళ్లు. వావిళ్ల వారు 1854 నుంచి పుస్తకాలు వేసింది ఈ ఊళ్లోనే. ఆంధ్రపత్రిక 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలై, 1914లో మద్రాసు వచ్చి దినపత్రిక అయింది. భారతి మాసపత్రిక 1924లో, చందమామ 1947 జూలైలో ఇక్కడే పుట్టాయి. ఆ తర్వాత సినిమా. రచయితలు, సంగీతం వాళ్లు, స్టూడియోల్లో పనిచేసేవాళ్లు టీ నగర్, వడపళని, సాలిగ్రామం వైపు ఇళ్లు కట్టుకుని స్థిరపడ్డారు. సినిమా హైదరాబాద్ వెళ్లిపోయినా చాలా కుటుంబాలు కదల్లేదు. వాళ్ల పిల్లలు, మనవలు ఇంగ్లీషు మీడియంలోనో తమిళంలోనో చదువుకున్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. పెద్దవాళ్లు పోయాక ఇల్లు అపార్ట్‌మెంట్‌కి ఇచ్చేస్తారు, బీరువాలోని పుస్తకాలు పాత పేపర్ల కొట్టుకి వెళతాయి. అక్కడినుంచి ఏరుకొచ్చినవే ఫుట్‌పాత్ మీద మనకు కనబడేవి.

పాత పుస్తకాలకు పేరుపడ్డ మూర్ మార్కెట్ గురించి పాతతరం వాళ్లు కథలు కథలుగా చెబుతారు. 1900లో మొదలైన ఆ ఎర్ర కట్టడం 1985 మే 30న కాలిపోయింది. ఆ స్థలంలోనే ఇప్పుడు సెంట్రల్ స్టేషన్ సబర్బన్ రైళ్లు ఆగే మూర్ మార్కెట్ కాంప్లెక్స్ ఉంది. పుస్తకాలవాళ్లకు ఆ పక్కనే అల్లికుళం దగ్గర చోటిచ్చారు. నేను వెళ్లినప్పుడల్లా అక్కడ ఎక్కువగా కనబడినవి ఇంజినీరింగ్, పోటీ పరీక్షల పుస్తకాలే. ట్రిప్లికేన్‌లో భారతి సాలై, అంటే పాత పైక్రాఫ్ట్స్ రోడ్డు, ఫుట్‌పాత్ మీద ఇంగ్లీషు నవలలు, తమిళ పత్రికలు, కాలేజీ పుస్తకాలు కలగాపులగంగా ఉంటాయి. నాకు బాగా కలిసొచ్చింది మాత్రం మైలాపూర్‌లో లజ్ కార్నర్ చుట్టుపక్కల. అక్కడ కొన్నవి పట్టుకుని నాగేశ్వరరావు పార్కుకి వెళ్లి, బెంచీ మీద కూర్చుని తిరగేయడం నాకు ఇష్టమైన పని. ఆంధ్రపత్రిక పెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరే ఆ పార్కుది.

ఈ షాపుల్లో తెలుగు పుస్తకాలు పైకి కనబడవు. కొనేవాళ్లు తక్కువ, అమ్మేవాళ్లలో తెలుగు లిపి చదవగలిగినవాళ్లు ఇంకా తక్కువ. కట్ట విప్పకుండానే ఏ మూలో, ఏ బల్ల కిందో పెట్టేస్తారు. "అణ్ణా, తెలుంగు బుక్ ఇరుక్కా?" అని నోరు విప్పి అడగాలి. ముందు లేదంటారు. మనం అక్కడే నిలబడి వేరే పుస్తకాలు చూస్తుంటే కాసేపటికి గుర్తొచ్చి ఒక కట్ట లాగి ముందు పడేస్తారు. ఆ కట్టలో ఏముంటుందో ఆయనకూ తెలియదు, మనకూ తెలియదు. తాడు విప్పే ఆ నిమిషం కోసం నేను ఎన్ని ఆదివారాలైనా ఇస్తాను.

మీ రెండో ప్రశ్నకి నా జవాబు కూడా ఆ కట్టల్లోనే ఉంది. నాకు దొరికినవాటిలో రెండింటి గురించి చెబుతాను.

పాత సినిమాల పాటల పుస్తకాలు మీ అమ్మగారికి గుర్తుండే ఉంటాయి. థియేటర్ దగ్గర కొన్ని పైసలకి అమ్మేవాళ్లు. పల్చటి రంగు కాగితం, నాలుగు మడతలు, ముందు నటీనటుల పేర్లు, తర్వాత కథ, ఆ తర్వాత పాటలు. కథ సరిగ్గా కష్టాల్లో పడే చోటికి తెచ్చి "తరువాతి కథ వెండితెరపై చూడండి" అని ఆపేసేవాళ్లు. వాటిని దాచుకోవాలని ఎవరూ అనుకోలేదు, లైబ్రరీలూ పెద్దగా పట్టించుకోలేదు. అలాంటివి ఒకసారి ఒక అట్టపెట్టె అడుగున గుత్తగా దొరికాయి నాకు. దారంతో కుట్టి, వరసలో పెట్టి ఉన్నాయి. కొన్నింటిలో పాట పక్కన పెన్సిల్‌తో టిక్కులున్నాయి. ఒక పాట దగ్గర అచ్చులో పడని చరణం అదే పెన్సిల్‌తో రాసి ఉంది. రేడియోలో విని పూర్తి చేసుకున్నట్టున్నారు. పాట నెట్‌లో వినొచ్చు. ఆ పాటని అంతగా ప్రేమించి, ఓపిగ్గా కూర్చుని రాసుకున్న మనిషి చేతిరాత మాత్రం ఇక్కడే చూశాను.

రెండోది ఇంకా విలువైనది. మన ఇళ్లల్లో వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు విప్పి దాచి, చివరి భాగం వచ్చాక బైండు చేయించుకునే అలవాటు ఉండేది కదా. లజ్‌లో ఒక తమిళ జ్యోతిషం పుస్తకాల దొంతరలో అలాంటి బైండు దొరికింది. ఎర్ర కలికో గుడ్డ వెన్ను, పైన గళ్ల కాగితం అతికించిన అట్ట, మొదటి పేజీ మీద నవల పేరు గుండ్రటి అక్షరాలతో సిరాలో రాసి ఉంది. మధ్యలో ఒక వారం సంచిక వాళ్లకు దొరకలేదు కాబోలు. ఆ భాగాన్ని ఎవరి దగ్గరో అడిగి తెచ్చుకుని, రూళ్ల కాగితాల మీద నీలం సిరాతో మొత్తం ఎత్తి రాసి, సరిగ్గా ఆ చోటనే కుట్టించారు. రాసేటప్పుడు బొమ్మను కూడా వదల్లేదు. పత్రికలో బొమ్మ ఉన్నంత మేర గడి గీసి, అందులో "ఇక్కడ సరోజ కిటికీ దగ్గర నిలబడి ఉన్న బొమ్మ" అని రాశారు. ఆ నవల తర్వాత పుస్తకంగా వచ్చింది, నెట్‌లోనూ ఉంది. పుస్తకంలో బొమ్మలు లేవు, వారం వారం చివర ఆపిన చోట్లు తెలియవు, పేజీ వెనక పడిన సగం వంటకం, అమృతాంజనం ప్రకటన లేవు. ఒక ఇల్లాలో, ఒక స్కూలు పిల్లో రాత్రి కూర్చుని ఎత్తి రాసిన పేజీలు అసలే లేవు.

స్కాన్లను నేను తక్కువ చేయడం లేదు. నాకు కావలసిన పుస్తకం పేరు తెలిస్తే నేనూ ముందు అక్కడే వెతుకుతాను. కానీ పేరు తెలియని వాటిని అడగడం ఎలా? నేను చదివిన మంచి తెలుగు పుస్తకాల్లో సగానికి పైగా, వాటి పేరైనా వినకుండా ఫుట్‌పాత్ మీద చేతికి తగిలినవే.

ఇంకో సరదా ఉంది. ఇది అలవాటైతే మానలేరు. పాత పుస్తకాల్లో చాలావాటికి ముద్రించిన సంవత్సరం ఉండదు, లేదా ఆ పేజీ ఊడిపోయి ఉంటుంది. అప్పుడు వెల చూడండి. "రూ. 1-8-0" అని ఉంటే రూపాయి ఎనిమిది అణాలు, అంటే రూపాయిన్నర. దశాంశ నాణేలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి కాబట్టి ఆ పుస్తకం దాదాపు ఖాయంగా అంతకు ముందుదే. నయాపైసల్లో ఉంటే 1957కీ 1964కీ మధ్యదని అనుకోవచ్చు, 1964 జూన్‌లో "నయా" తీసేశారు. వెల కూడా చిరిగిపోతే ప్రెస్సు చిరునామా పట్టుకోండి. "మద్రాసు-600 026" అని ఆరంకెలు ఉంటే పిన్‌కోడ్ వచ్చిన తర్వాతది, అంటే 1972 ఆగస్టు 15 తర్వాత. ఒట్టి "మద్రాసు-26" అయితే ముందుది అయ్యుండవచ్చు, పాత అలవాటు కొద్దీ తర్వాత కూడా అలాగే వేసినవాళ్లున్నారు. మద్రాసు పాత పేరు "చెన్నపురి" అని కనబడితే నేనైతే చేతిలోంచి వదలను. ఇలా ఒక్క అట్ట చూసి కాలం పోల్చుకుంటుంటే, ఈ ఊరితో మనకున్న సంబంధం ఎంత పాతదో తెలుస్తుంది. కొత్తగా వచ్చిన మీకు అది ధైర్యంగా కూడా ఉంటుంది. పరాయి ఊరు వచ్చామన్న బెంగ నాకు తగ్గింది ఈ పుస్తకాల వల్లే.

కొనే ముందు చూసుకోవలసినవి పెద్దగా లేవు. పేజీలు పోయాయేమో ముఖ్యంగా చూడండి. ఎనిమిది లేదా పదహారు పేజీలకొకసారి అడుగున చిన్న అంకె ఉంటుంది, అది ఫారం నంబరు. ఫారం అంటే ఒకే పెద్ద కాగితం మీద అచ్చువేసి మడిచిన పేజీల కట్ట. ఆ అంకెలు వరసగా ఉంటే మధ్యలో ఫారం ఎగిరిపోలేదని అర్థం. నవలల్లో చివరి పేజీ తప్పకుండా చూడండి, ఎక్కువగా ఊడేది అదే. కాగితం మూల కొంచెం వంచితే పుటుక్కున విరిగిందంటే ఆ పుస్తకం ఇంకా ఎక్కువ చేతులు మారితే నిలవదు, అరుదైనదైతేనే తీసుకోండి. సన్న రంధ్రాలుంటే పురుగు ఇంకా ఉందేమో దులిపి చూడాలి. అనుమానంగా ఉన్న పుస్తకాన్ని నేను ప్లాస్టిక్ కవర్లో గాలి పోకుండా చుట్టి కొన్ని రోజులు ఫ్రీజర్‌లో పెడతాను, తర్వాతే మిగతావాటితో కలుపుతాను. చిరుగులకు సెల్లోటేప్ మాత్రం వేయకండి. కొన్నేళ్లకు అది పసుపు మరకై అక్షరాలను కూడా తినేస్తుంది. పల్చటి కాగితం, మైదా జిగురు చాలు.

ధర దగ్గర గీచి గీచి బేరం చేయొద్దని నా మాట. తెలుగు పుస్తకానికి వాళ్లు అడిగేది తక్కువే, లావును బట్టి చెబుతారు. ఎండలో, వానలో వాటిని కాపాడి మన దాకా తెచ్చింది వాళ్లు. మనం న్యాయంగా కొంటే రేపు ఆ కట్టను తూకానికి వేయకుండా పక్కన పెడతారు. ఒక షాపాయనకు చదవడం రాకపోయినా మన అక్షరాల గుండ్రదనం గుర్తుపట్టి, నా కోసం విడిగా తీసి ఉంచేవాడు. అలాంటి స్నేహం కుదిరితే మీ అదృష్టం.

మీ అమ్మగారు అడిగిన పేర్లు రాసుకుని వెళ్లండి, కానీ మొదటిసారే అవి దొరకాలని ఆశ పెట్టుకోకండి. అవి రాసినవాళ్ల ఇతర నవలలేవి కనబడినా ఫోటో తీసి వాట్సాప్‌లో పంపండి, చదివిందో లేదో ఆవిడే చెబుతారు. అట్ట చూడగానే చాలా గుర్తొస్తాయి వాళ్లకి. ఆదివారం ఉదయం ఎండ ముదరకముందే బయల్దేరండి. చిల్లర, ఒక గుడ్డసంచి, చేతులు తుడుచుకోవడానికి తడిగుడ్డ ఉంటే చాలు. వచ్చేటప్పుడు మీ ఫోన్ నంబరు ఒక కాగితం మీద రాసి, పక్కన "తెలుగు పుస్తకాలు" అని తమిళంలో రాయించి షాపులో ఇచ్చి రండి. ఫోన్ వస్తే మాత్రం వారాంతం దాకా ఆగకండి, ఆ సాయంత్రమే వెళ్లండి.